కర్రీ పాయింట్‌లో పప్పు సాయంత్రానికే పులుస్తోంది, లోపం ఎక్కడ?

గుంటూరు_గరిటె
కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పొద్దున ఏడింటికి పొయ్యి వెలిగిస్తే పదకొండుకల్లా పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక ఇగురు, రోటి పచ్చడి, చికెన్ కర్రీ రెడీ. రెండున్నర దాకా అమ్మకం. మిగిలింది సాయంత్రం ఆరున్నరకి మళ్లీ వేడిచేసి పెడతాం. ఎండలు ముదిరాక గొడవ మొదలైంది. పప్పు మూత తీస్తే పుల్లటి వాసన, పైన సన్న బుడగలు. సాంబారు ఒక్కోరోజు తీగ సాగుతోంది. ఇద్దరు కస్టమర్లు రాత్రి చికెన్ తిన్నాక తెల్లారి విరేచనాలు పట్టుకున్నాయన్నారు. ఆ చికెన్‌లో వాసనగానీ రుచిగానీ ఏ తేడా లేదు. గిన్నెలు రోజూ వేణ్నీళ్లతో తోముతాం, కిచెన్ శుభ్రంగానే ఉంటుంది. మా దగ్గరున్నవి: 20 లీటర్ల గుండిగలు రెండు, 260 లీటర్ల ఇంటి ఫ్రిజ్, ఒక చెక్క పలక, ఒక కత్తిపీట. మళ్లీ వేడిచేసినా ఎందుకు పాడవుతోంది? ఉన్నదున్నట్టు చెప్పండి.

తాలింపు_రాజ్యం
పప్పు చిక్కబడిందని మధ్యలో చెంబుడు చన్నీళ్లు పోసి కలిపేస్తున్నారేమో చూడండి. చాలా చోట్ల జరిగేది అదే. పలచన చేయాలంటే మరిగే నీళ్లే పోయాలి.

బాపట్ల_ఫుడ్‌టెక్
రాజ్యం గారు చెప్పింది నిజమే. కానీ అసలు దొంగ మూత పెట్టిన ఆ 20 లీటర్ల గుండిగ.

వండినప్పుడు మామూలు సూక్ష్మజీవులు చస్తాయి. బాసిల్లస్ సీరియస్, క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ లాంటి కొన్ని మాత్రం స్పోర్లు కడతాయి. స్పోరంటే గట్టి పెంకున్న విత్తనం లాంటిది, మరిగించినా చావదు. ఇవి మట్టిలోంచి వస్తాయి కాబట్టి బియ్యంలో, కందిపప్పులో, పసుపులో, ధనియాల పొడిలో, మాంసంలో ఉండనే ఉంటాయి. కూర చల్లారుతూ 60 డిగ్రీల కిందికి దిగగానే మొలకెత్తి పెరగడం మొదలెడతాయి. 5 డిగ్రీల దాకా దిగితే గానీ ఆ జోరు తగ్గదు. 5 నుంచి 60 మధ్య ఉన్న ప్రతి గంటా వాటికి లాభం. పెర్ఫ్రింజెన్స్‌కి 43 నుంచి 47 డిగ్రీలంటే మరీ ఇష్టం, అక్కడ దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది.

ఇప్పుడు మీ పప్పు సంగతి చూడండి. చిక్కగా ఉంటుంది, లోతైన పాత్ర, పైన మూత. వేడి బయటికి పోయే దారే లేదు. బయట 42 డిగ్రీల ఎండ. పదకొండుకి దించిన గుండిగ మధ్యలో చేయి పెడితే ఆరింటికి కూడా గోరువెచ్చగానే ఉంటుంది. మీరు శుభ్రంగా తోమిన గిన్నెలోనే ఏడు గంటలపాటు వాటిని పెంచుతున్నట్టు లెక్క.

చికెన్ విషయం ఇంకా ముఖ్యం. వాసన, రుచి మారకుండా, తిన్న 8 నుంచి 12 గంటలకి కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది పెర్ఫ్రింజెన్స్‌నే. ఎక్కువ మొత్తంలో వండి మెల్లగా చల్లారిన మాంసం గ్రేవీ దాని సొంతిల్లు. పప్పు పులిసి మీకు చెప్పింది. చికెన్ చెప్పలేదు. రెండింటికీ కారణం ఒకటే.

పొయ్యిగడ్డ
మన ఇళ్లల్లో పొద్దుటి సాంబారు రాత్రికి మరిగించుకుని తినలేదా? బాగా మరిగిస్తే ఏ పురుగైనా చస్తుంది. ఊరికే భయపెడుతున్నారు.

బాపట్ల_ఫుడ్‌టెక్
పొయ్యిగడ్డ గారూ, పురుగు చస్తుంది. అది అప్పటికే వదిలిన విషం చావదు, తేడా అక్కడే. బాసిల్లస్ సీరియస్ అన్నంలో, పిండి పదార్థాల్లో పెరిగితే సెరియులైడ్ అనే విషం తయారు చేస్తుంది. దాన్ని 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా పోదు, మన ప్రెషర్ కుక్కర్ దాన్నేమీ చేయలేదు. చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి వచ్చే స్టెఫైలోకాకస్ విషం కూడా మరిగించడానికి లొంగదు. ఈ రెండూ తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు చేయిస్తాయి.

పెర్ఫ్రింజెన్స్ దారి వేరు. బతికున్న కణాలు లెక్కకు మించి కడుపులోకి పోతే, అవి పేగుల్లో విషం వదులుతాయి. అందుకని తినే ముందు లోపలి దాకా 74 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే దాని ముప్పు చాలా తగ్గుతుంది. అంటే మీరన్నది ఒకదానికి పనికొస్తుంది, రెండింటికి పనికిరాదు. ఏది పెరిగిందో గిన్నె చూసి చెప్పలేం కదా.

మెస్సు_మాస్టారు
ఇంకో మాట. "మరిగించాం" అనుకునే వాటిలో సగం మరగవు. చిక్కటి పప్పు అడుగున బుడగ లేచి "టప్" మని పైకి చిమ్మగానే కట్టేస్తారు. అడుగు 100 ఉంటుంది, పైన నాలుగు వేళ్ల మందం 50 కూడా ఉండదు. అడుగంటుతుందని మంట తగ్గిస్తారు, కలపరు. సరైన పద్ధతేమిటంటే గుండిగలో అలాగే వేడిచేయకుండా ఐదు లీటర్ల గిన్నెల్లోకి తీసి, అర గ్లాసు మరిగే నీళ్లు పోసి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ, అంచుల్లోనే కాక మధ్యలో కూడా తెర్లే దాకా ఉంచాలి. వేడిచేయడం ఒక్కసారే. రెండోసారి మిగిలితే పారబోయడమే.

గుంటూరు_గరిటె
మాస్టారూ, మీరు చెప్పినట్టే, మేం పైన బుడగ చూసి దించేస్తున్నాం. అయితే చల్లార్చడం ఎలా? వేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందంటారు.

చల్లకవ్వం
ఫ్రిజ్ పాడవదు, ఫ్రిజ్‌లో ఉన్నవి పాడవుతాయి. 20 లీటర్ల వేడి గుండిగ ఇంటి ఫ్రిజ్‌లో తోస్తే పాలు, పెరుగు, నానబెట్టిన చికెన్ అన్నీ వెచ్చబడతాయి, గుండిగ మధ్య భాగం మాత్రం చల్లబడదు. ముందు బయట చల్లార్చి, తర్వాతే లోపల పెట్టాలి.

లెక్క ఇది: 60 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లోపు, అక్కడి నుంచి 5 డిగ్రీలకి మరో నాలుగు గంటల్లోపు. మొదటి రెండు గంటలే కీలకం.

పద్ధతి: 20 లీటర్లు నాలుగు వెడల్పాటి గిన్నెల్లోకి పంచండి. పప్పు, గ్రేవీ లాంటి చిక్కటివైతే స్టీలు ట్రేలలో రెండంగుళాల లోతుకి మించకుండా పరవండి. ఆ గిన్నెల్ని పెద్ద బేసిన్‌లో చన్నీళ్లలో కూర్చోబెట్టండి, బయటి నీళ్లు లోపలి కూర మట్టం దాకా రావాలి. పది నిమిషాలకోసారి శుభ్రమైన గరిటెతో కలపండి. బేసిన్ నీళ్లు వెచ్చబడగానే మార్చండి, రెండోసారి ఐస్ వేయండి. 21కి దిగాక ఫ్రిజ్. పూర్తిగా చల్లబడే దాకా మూత ఓరగా ఉంచండి, బిగిస్తే ఆవిరి లోపలే తిరుగుతుంది.

సాంబారు, రసం లాంటి పలచటివాటికి ఒక చిట్కా ఉంది. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో ముప్పావు వంతు తాగేనీళ్లు పోసి ముందురోజే డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. డబ్బా బయటంతా కడిగి నేరుగా సాంబారులో దింపి తిప్పండి. లోపలి నుంచి చల్లబడుతుంది, కూర పలచబడదు. ప్లాస్టిక్ సీసాలు వాడొద్దు, వేడికి మెత్తబడతాయి.

తాలింపు_రాజ్యం
బయట కొన్న దిమ్మె ఐసు బేసిన్‌లోకైతే పర్లేదు. కూరలోకి, మజ్జిగలోకి మాత్రం వద్దు. అది తాగేనీళ్లతో చేసిందన్న నమ్మకం లేదు, గోనెసంచీలో పొట్టు పోసి తెస్తారు.

మెస్సు_మాస్టారు
చల్లకవ్వం చెప్పింది పద్ధతిగా ఉంది గానీ, కర్రీ పాయింట్‌కి అసలు ఈ తిప్పలెందుకు అంటాను. కందిపప్పు కుక్కర్లో ఇరవై నిమిషాల పని. సాయంత్రానికి మళ్లీ వండండి. చల్లార్చి, దాచి, వేడిచేసే దానికయ్యే గ్యాసు, ఐసు, మనిషి కష్టం కలిపితే కొత్త వాయి వండటమే చవక.

పొద్దున: పప్పు, సాంబారు మధ్యాహ్నం అమ్మకానికి సరిపడా మాత్రమే. సాయంత్రానికి కావలసిన ఉల్లి, టమాటా, కూరగాయలు పొద్దునే కోసి మూత డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. కందిపప్పు కడిగి నానబెట్టిన గిన్నె కూడా ఫ్రిజ్‌లోనే, బల్ల మీద కాదు. ఐదున్నరకి పొయ్యి మీద పెడితే ఆరున్నరకి వేడి వేడి పప్పు. చల్లార్చి దాచడం చికెన్ గ్రేవీకి మాత్రం ఉంచుకోండి.

పొయ్యిగడ్డ
ఈ మాటకి మాత్రం ఒప్పుకుంటా. సాయంత్రం కొత్త తాలింపు వాసనకే సగం గిరాకీ వస్తుంది.

నెల్లూరు_పులుసు
అన్నీ ఒకే వేగంతో పాడవవు. చింతపండు పులుసు, పులిహోర, గోంగూర ఎక్కువ సేపు నిలవడానికి కారణం పులుపు. ముద్దపప్పు, పాలు పోసి వండిన ఆనపకాయ కూర, కొబ్బరి వేసిన కూర్మా, ఆలుగడ్డ కూర త్వరగా పోతాయి. పులిహోరైనా నమ్మి వదిలేయొద్దు. పులుపు పట్టని తెల్ల ముద్దలు మధ్యలో ఉంటే అవి ఉత్త అన్నమే. అన్నం వార్చగానే వెడల్పు పళ్లెంలో ఆరబోసి, వేడి తగ్గాక గుజ్జు ప్రతి మెతుక్కీ పట్టేలా కలపాలి.

కత్తిపీట_కనకం
ఒక చెక్క పలక అన్నారు, దాని మీదే చికెనూ ఉల్లిపాయా? అయితే అక్కడా ఉంది ముప్పు. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే విరేచనాల క్రిములు ఉంటాయనే లెక్కేసుకోవాలి. ఉడికే కూరలోకి పోయే ఉల్లికి పర్లేదు. పెరుగు పచ్చడిలోకి, సలాడ్‌లోకి, పైన చల్లే కొత్తిమీరలోకి పోతే ఇక చంపే మంట లేదు.

రెండు పలకలు పెట్టండి. మాంసానికి ఎరుపు, కూరగాయలకి పచ్చ. ప్లాస్టిక్ పలకైనా గాట్లు లోతుగా పడితే మార్చేయాలి. మాంసానికి కత్తి కూడా వేరే.

కత్తిపీట కడిగేటప్పుడు అందరూ అలుగు తోముతారు, అలుగు చెక్కలోకి దిగిన మొదలు మాత్రం వదిలేస్తారు. అక్కడ నల్లగా జిగురు కట్టి ఉంటుంది, కాసేపటి క్రితం తరిగిన చేప నీసు, నిన్నటి వంకాయ కలిసి. పాత టూత్‌బ్రష్షుతో ఆ సందు సబ్బు పెట్టి రుద్ది, మరిగే నీళ్లు పోసి, నిలబెట్టి ఎండలో ఆరనివ్వాలి. ఆ మొదలు కదులుతుంటే ఆ పీట హోటల్ పనికి పనికిరాదు.

గుంటూరు_గరిటె
కనకం గారూ, రెండూ ఒకే పలక మీద. రేపే మారుస్తా. చికెన్ కడగడం గురించి కూడా చెప్పండి. కడగొద్దని ఒకరు, పసుపు ఉప్పు వేసి మూడుసార్లు కడగమని ఒకరు.

డాలస్_దోసె
ఇక్కడ అమెరికాలో కడగొద్దనే చెప్తారు. కుళాయి ధార తగిలి చిమ్మిన తుంపరలు సింకు చుట్టూ పడతాయి, పక్కనున్న కడిగిన గిన్నెల మీద కూడా.

కత్తిపీట_కనకం
అక్కడ ప్యాక్‌లో శుభ్రం చేసి వస్తుంది. ఇక్కడ కళ్లముందు కొట్టిన కోడి, ఈకలూ నెత్తురూ ఎముక పొడీ ఉంటాయి. కడగొద్దంటే ఎవరూ వినరు. కాబట్టి చిమ్మకుండా కడగాలి. లోతైన గిన్నెలో నీళ్లు ముందే నింపి, ముక్కలు మెల్లగా జారవిడిచి, చేత్తో కదిపి, నీళ్లు సింకు కన్నం దగ్గరగా వంచేయాలి. కుళాయి కింద పట్టకూడదు. ఆ సమయానికి సింకు పక్కన ఒక్క గిన్నె, ఒక్క ఆకుకూర కట్ట ఉండకూడదు. అన్ని కూరగాయలూ కడిగిన తర్వాత, చివర్న చికెన్.

పసుపు, ఉప్పు నీసు వాసన తగ్గిస్తాయి. క్రిములు పోయాయని వాటి మీద భరోసా పెట్టుకోకూడదు. ఆ పని ఉడికే వేడిదే, ముక్క లోపల 74 డిగ్రీలు రావాలి.

బాపట్ల_ఫుడ్‌టెక్
తర్వాత సింకు, పలక శుభ్రం చేసే వరస: ముందు సబ్బుతో జిడ్డు పోవాలి, నీళ్లతో కడగాలి, ఆ తర్వాత క్లోరిన్ నీళ్లు. జిడ్డు మీదే క్లోరిన్ పోస్తే అది జిడ్డుతోనే ఖర్చయిపోతుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచు ద్రావణం) అయితే లీటరు నీటికి 4 మి.లీ. కలిపితే 200 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 200 వంతుల క్లోరిన్ వస్తుంది. పలక మీద పోసి రెండు నిమిషాలు ఉంచి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు, ఆ గుడ్డే మళ్లీ అంటిస్తుంది. సీసా మీద శాతం చూసి లెక్క మార్చుకోండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి.

పచ్చిగా వాడే ఆకులకి లీటరుకి 1 మి.లీ., అంటే 50 పీపీఎం. ముందు మట్టి పోయే దాకా కడిగి, ఐదు నిమిషాలు ముంచి, మళ్లీ తాగేనీళ్లతో కడగాలి. సువాసన కలిపిన బ్లీచు, బాత్రూమ్ క్లీనర్లు దీనికి వాడకూడదు. క్లోరిన్‌లో వెనిగర్ గానీ, ఆసిడ్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పాలకూర_పద్మ
కొత్తిమీర గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. కూర దించి, కాస్త చల్లారాక, అందం కోసం పైన గుప్పెడు చల్లుతారు. పొలంలో మురుగు నీళ్లు పారిన కట్ట, మార్కెట్లో తడి గోనెపట్టాలో చుట్టిన కట్ట. వండిన దాని మీద పచ్చి మట్టి చల్లినట్టే. దించే ముందు రెండు నిమిషాలు మరుగుతుండగానే వేయండి. పైన పచ్చగా కనపడాలంటే క్లోరిన్ నీళ్లలో ముంచిన దాన్ని, ప్యాక్ చేసేటప్పుడు మాత్రమే.

రోటి పచ్చడి, కొబ్బరి చట్నీ కూడా ఇదే బాపతు. తాలింపు పెట్టినా అది పై పొరకే వేడి. రుబ్బేటప్పుడు పోసే నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి. రోలు, పొత్రం, మిక్సీ బ్లేడు కింద వాషర్ విప్పి కడగాలి. ఆ రబ్బరు వాషర్ వెనక పాత పచ్చడి పాచి పట్టి ఉంటుంది.

తాలింపు_రాజ్యం
పద్మ గారి వాషర్ మాట చదివి ఎంతమంది లేచి మిక్సీ విప్పారో.

పొయ్యిగడ్డ
నీళ్ల సంగతి? గుంటూరులో ఎండాకాలం ట్యాంకరే గతి.

మెస్సు_మాస్టారు
ట్యాంకరు నీళ్లయితే సంపులో క్లోరిన్ ఉందో లేదో చూసుకోవాలి. తాగేనీటి ప్రమాణం ప్రకారం కనీసం లీటరుకి 0.2 మి.గ్రా. మిగులు క్లోరిన్ ఉండాలి. చుక్కల మందు వేసి రంగు చూసే కిట్లు దొరుకుతాయి. క్లోరిన్ వేశాక అరగంట ఆగి చూడాలి. సంపు మూత నేల మట్టానికి ఉంటే వానాకాలం రోడ్డు నీళ్లు లోపలికి జారతాయి, చుట్టూ జానెడు గట్టు కట్టించండి. తాగేనీళ్ల డ్రమ్ములో చెంబు ముంచొద్దు, కుళాయి పెట్టించండి.

కంచుగిన్నె
క్రిముల గురించే అంతా మాట్లాడుతున్నారు. రసాయనాలు ఒక్కసారే చంపేస్తాయి. 2013 జులై 16న బిహార్‌లో సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వంట ఎంత మరిగినా లాభం లేని ప్రమాదం అది.

మన కిచెన్లలో చూడండి. ఫినాయిలు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచుతారు. సింకు కన్నంలో వేసే తెల్ల పలుకులు ఉప్పు డబ్బా పక్కనే. బొద్దింకలకి గీసే చాక్‌పీసు పొడి బియ్యప్పిండి లాగే ఉంటుంది, దాన్ని పొయ్యి గట్టు మీదే గీస్తారు. ఇవన్నీ వంటగది బయట, తాళం వేసిన అల్మారాలో, సొంత సీసాల్లో పేరుతో ఉండాలి. బొద్దింకలకి స్ప్రే వద్దు, మూలల్లో చుక్కలు పెట్టే జెల్ మందు వాడండి. పురుగుమందు, యాసిడ్ పోసిన డబ్బా ఎంత కడిగినా నూనెకి పనికిరాదు, చిల్లు పెట్టి పారేయండి.

ఇత్తడి గుండిగలో సాంబారు చేసేవాళ్లు కళాయి చూసుకోండి. అరిగి పసుపు రంగు కనపడుతుంటే చింతపండు పులుపుకి ఇత్తడిలోని రాగి కరిగి కూరలోకి దిగుతుంది. తిన్న అరగంటలోనే వాంతులు.

డాలస్_దోసె
ప్యాకింగ్ సంగతి. సాంబారు కవరు మూతికి స్టేప్లర్ పిన్ను కొడతారే, అది ఊడి గిన్నెలో పడితే పిల్లాడి గొంతులోకే. దారమో, రబ్బరు బ్యాండో వాడండి.

కంచుగిన్నె
రబ్బరు బ్యాండు కూడా విడిగా కూరలో పడకుండా ముడికి బయటే ఉండాలి. నల్ల, రంగు కవర్లలో వేడి కూర పోయొద్దు, అవి ఎక్కడి తుక్కు ప్లాస్టిక్‌తోనో చేస్తారు. డబ్బాలైతే అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ వేడిని తట్టుకుంటుంది. 6 అంకె ఉన్నవి వద్దు. బజ్జీలు, వేపుళ్లు న్యూస్‌పేపర్లో చుట్టడం ఎఫ్ఎస్ఎస్ఎఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వద్దన్నదే, సిరాలో ఉండేవి నూనెలోకి దిగుతాయి.

పీచు పీచుగా ఊడే స్టీలు స్క్రబ్బరు కూడా తీసేయండి. గోంగూరలో దాగిన తీగ ముక్క కంటికి కనపడదు, నాలుకకి దొరుకుతుంది.

తాలింపు_రాజ్యం
మనుషుల గురించి రెండు ముక్కలు. డబ్బులు తీసుకునే చెయ్యి, కూర కట్టే చెయ్యి ఒకటి కాకూడదు. క్యూఆర్ కోడ్ వచ్చాక సగం తగ్గింది, నోట్లు ఇచ్చేవాళ్లకి డబ్బా పెట్టండి. గ్లవుజు వేసుకుని అదే గ్లవుజుతో చిల్లర ఇస్తే గ్లవుజు లేనట్టే. వేలు తెగితే నీళ్లు దిగని ప్లాస్టరు, దాని మీద గ్లవుజు. చీము పట్టిన పుండు ఉంటే వంట ముట్టుకోనే కూడదు. విరేచనాలు, వాంతులు వచ్చిన మనిషి అవి ఆగాక కూడా 48 గంటలు వంటలోకి రాకూడదు. ఆ రెండ్రోజుల కూలి కోయకండి. కోస్తే జబ్బు దాచి వస్తారు.

బాపట్ల_ఫుడ్‌టెక్
రాజ్యం గారి చివరి మాట చాలా విలువైంది. ఏడాదికోసారి పనివాళ్లకి వైద్య పరీక్ష, టీకాలు అని ఎఫ్ఎస్ఎస్ఎఐ 2011 లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూల్లో కూడా ఉంది. టైఫాయిడ్ తగ్గిన కొందరిలో క్రిమి నెలల తరబడి మలంలో పోతూనే ఉంటుంది, మనిషి చూడటానికి ఆరోగ్యంగా ఉంటాడు. చేతులు సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందుల దాకా.

రుచి చూడటం కూడా: గరిటె నాకి మళ్లీ గుండిగలో పెట్టొద్దు. గరిటె నుంచి చిన్న చెంచాలోకి వంచుకుని, దూరంగా జరిగి రుచి చూసి, ఆ చెంచా సింకులో వేయాలి.

గుంటూరు_గరిటె
అమ్మకం జరిగే మూడున్నర గంటలు గిన్నెలు టేబుల్ మీద ఉత్తగా ఉంటాయి. అదీ తప్పేనా? ఇంకా, మయోనైజ్‌తో రోల్స్ మొదలెడదామని మా తమ్ముడు అంటున్నాడు.

మెస్సు_మాస్టారు
తప్పే. టేబుల్ కింద చిన్న బర్నరు, పైన వెడల్పాటి ట్రేలో మూడు వేళ్ల లోతు నీళ్లు, అందులో కూర గిన్నెలు. నీళ్లు పొగలు కక్కుతూ 80కి తగ్గకుండా ఉంటే కూర 60 పైన నిలుస్తుంది. అరగంటకోసారి కలిపి మూత పెట్టాలి, పై పొర త్వరగా చల్లబడుతుంది. చల్లటి కూర అందులో పెట్టి వేడెక్కించే ప్రయత్నం చేయొద్దు. ముందు పొయ్యి మీద తెర్లించి, అప్పుడు అందులోకి. పాత కూర అడుగున ఉండగా కొత్త వాయి దాని మీద పోయొద్దు, గిన్నె మార్చండి.

చల్లకవ్వం
మయోనైజ్ విషయంలో తమ్ముడిని ఆపండి. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, హైదరాబాద్‌లో వరసగా జనం ఆసుపత్రుల పాలయ్యాక. ఉడకని గుడ్డు, చేత్తో కలపడం, గంటల తరబడి బయట పెట్టడం, మూడూ ఒకే గిన్నెలో ఉన్న వంటకం అది. కావాలంటే పాశ్చురైజ్ చేసిన గుడ్డుతో గానీ, గుడ్డు లేకుండా గానీ చేసిన ప్యాకెట్టు కొని, తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచండి.

డాలస్_దోసె
ఇక్కడ మన పాట్‌లక్‌లలో (ఇంటికో వంటకం తెచ్చుకునే విందుల్లో) కూడా ఇదే కథ. లోతైన అల్యూమినియం ట్రేల బిర్యానీ పదకొండు నుంచి నాలుగు దాకా టేబుల్ మీద. ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే లెక్క బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. మీ గుంటూరు ఎండకి ఒక్క గంటే అనుకోండి.

గుంటూరు_గరిటె
థర్మామీటరు కొనక తప్పదని అర్థమైంది. ఏది కొనాలి, సరిగ్గా చూపిస్తోందని ఎలా తెలుస్తుంది?

బాపట్ల_ఫుడ్‌టెక్
సూది ఉన్న డిజిటల్ ప్రోబ్ కొనండి. దూరం నుంచి ఎర్ర లైటు కొట్టే గన్ను వద్దు, అది పై పొరనే చదువుతుంది. సరిచూసుకోవడం తేలిక: గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండే దాకా నీళ్లు పోసి కలిపి, సూది అంచులకి తగలకుండా మధ్యలో పెట్టండి. 0 చూపాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ పర్లేదు. మరిగే నీళ్లలో మీకు 100 దగ్గర చూపాలి. హైదరాబాద్ వాళ్లకి ఎత్తు వల్ల 98 దగ్గర ఆగుతుంది, మీటరు చెడిందనుకోవద్దు. ప్రతి గిన్నెకీ మధ్య సూది సబ్బు నీళ్లతో కడిగి తుడవాలి, పచ్చి చికెన్‌లోంచి తీసి పప్పులో గుచ్చితే మొత్తం శ్రమ వృథా. చికెన్ ముక్కలో ఎముకకి ఆనకుండా, మందమైన చోట గుచ్చండి.

ఫ్రిజ్ లోపల వేడి చూడాలంటే మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, రాత్రంతా ఉంచి, పొద్దునే తలుపు తీయగానే అందులో సూది పెట్టండి. 5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి.

చల్లకవ్వం
ఫ్రిజ్‌లో వరస కూడా రాసుకోండి. వండినవి పై అరల్లో, పచ్చి చికెన్ అన్నిటికంటే కింద, అంచున్న ట్రేలో. పై నుంచి నెత్తురు నీళ్లు కారితే కింద ఉన్న పెరుగే బలి. గడ్డకట్టిన చికెన్ కరిగించడం కూడా కింది అరలోనే, ముందురోజు రాత్రి నుంచి. సింకులో వదిలేస్తే లోపల గడ్డగా ఉండగానే పైన వెచ్చబడుతుంది. కరెంటు పోతే తలుపు తీయకండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అది దాటితే వండిన మాంసం, పప్పు పారేయాల్సిందే.

గుంటూరు_గరిటె
పప్పు, సాంబారు రెండు పూటలా వండేస్తాం. చికెన్ గ్రేవీ ట్రేలలో చల్లార్చి ఫ్రిజ్. మిగిలినది మర్నాడు అమ్మొచ్చా?

మెస్సు_మాస్టారు
ట్రేలో రెండు గంటల్లో 21కి దిగి, ఆరు గంటల్లో 5కి చేరిందని సూది పెట్టి చూసి ఉంటే మర్నాడు మధ్యాహ్నానికి ఒక్కసారి తెర్లించి అమ్మొచ్చు. రాత్రి అమ్మకానికి టేబుల్ మీద కూర్చున్న గిన్నెలోది మాత్రం వద్దు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. ప్రతి డబ్బా మీద తెల్ల టేపు అంటించి వండిన తేదీ, టైము మార్కర్‌తో రాయండి. టేపు లేని డబ్బా కనపడితే ఎవరినీ అడగకుండా పారేసే హక్కు పనివాళ్లందరికీ ఇవ్వండి.

తాలింపు_రాజ్యం
ఆ మార్కరు దారం కట్టి ఫ్రిజ్ హ్యాండిల్‌కి వేలాడదీయండి. లేకపోతే రెండో రోజుకే కనపడదు.